నడకకు తోడు బరువులు: వారంలో రెండు రోజులు ఎలా కుదుర్చుకోవాలి

తెల్లవారుజామున ఐదున్నరకి విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం వైపో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం వైపో వెళ్లి చూడండి. నడిచేవాళ్లకి కొదవ ఉండదు. ఆ నడక ఎంతో మంచిది, ఎవరూ మానొద్దు. కానీ పదేళ్లుగా రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి కూడా పీట మీద నుంచి లేవాలంటే చేత్తో నేలని నొక్కుకుంటాడు. గ్యాస్ బండ పక్కకి జరపాలంటే కొడుకుని కేకేస్తాడు. నడక గుండెకీ ఊపిరికీ పని చెబుతుంది, కండకి అంతగా చెప్పదు. ముప్పై దాటాక కొద్దికొద్దిగా తరుగుతూ వచ్చే కండని నిలబెట్టేది బరువుతో చేసే కసరత్తే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామం చేయమన్న మాట అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న మాట మాత్రం చాలామందికి చేరలేదు. ఒంట్లోని పెద్ద కండరాలన్నింటికీ పని పడేలా వారంలో కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం చేయాలి. ఇది కుర్రాళ్లకి మాత్రమే చెప్పింది కాదు, డెబ్బై ఏళ్లవాళ్లకీ చెప్పింది.

అందుకని మా సలహా ఇది. వారం ప్రణాళిక వేసేటప్పుడు ముందు బరువులకి రెండు రోజులు ఖాయం చేయండి, తర్వాత నడకని మిగతా రోజుల్లో సర్దండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నడక అయ్యాక ఓపిక ఉంటే బరువులు అనుకుంటారు, ఆ ఓపిక ఏ రోజూ మిగలదు.

విజయవాడ వాళ్లకి ఈ విద్య కొత్తదేమీ కాదు. ఊళ్లో ఇండోర్ స్టేడియానికి పేరిచ్చిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తడంలో దేశానికి పేరు తెచ్చిన మనిషి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచారు. బాపట్ల పక్కనున్న స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. మనకి అంత బరువు అక్కర్లేదు, పద్ధతి కావాలి.

ముందు మీ లెక్క తెలుసుకోండి

చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆపకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కన ఒకరు సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు దాటితే తొడల్లో బలం తగ్గిందని అర్థం, మీకు ఈ రెండు రోజులు మరీ అవసరం. తర్వాత బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుం చుట్టుకొలత రాసుకోండి. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. మూడోది బీపీ. ఈ మూడు అంకెలూ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. మూడు నెలల తర్వాత కాటా మీద అంకె మారకపోయినా ఇవి మారతాయి. కండ పెరిగి కొవ్వు తగ్గితే కాటాకి ఆ తేడా తెలియదు.

బీపీ 180/110 దగ్గర ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, ఈమధ్యే స్టెంటు వేయించుకున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, షుగరు వల్ల కంటి రెటీనాలో రక్తస్రావం ఉందని చెప్పించుకున్నవాళ్లు, వెన్నుపూస విరిగినవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగరు బాగా దించే మాత్రలు వాడేవాళ్లు జేబులో గ్లూకోజు గానీ పంచదార పొట్లం గానీ ఉంచుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే కసరత్తు ఆపి వెంటనే నోట్లో వేసుకోవాలి.

వారం ఎలా సర్దాలి

బరువులకి మంగళవారం, శుక్రవారం పెట్టుకోండి. కారణాలున్నాయి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు మన దగ్గర ఎక్కువ, కార్తీకంలో సోమవారం ఉపవాసాలు. ఆదివారం చాలా జిమ్‌లకి సెలవు. ఖాళీ కడుపుతో బరువెత్తితే కళ్లు తిరుగుతాయి. మీకు మంగళవారం కుదరకపోతే బుధ, శని చేయండి, గురు, ఆది చేయండి, ఏదైనా సరే. రెండింటి మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఖాళీ ఉండాలి, అంతే. కండ గట్టిపడేది బరువెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాతి రోజు విశ్రాంతిలో.

సోమ, బుధ, గురు, శనివారాల్లో 40 నిమిషాల చొప్పున నడిస్తే 160 నిమిషాలు అయిపోతాయి. వేగం ఎంతంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఆదివారం ఖాళీగా ఉంచండి, లేదా ఇంద్రకీలాద్రి మెట్లో మంగళగిరి కొండ మెట్లో నెమ్మదిగా ఎక్కండి.

ఒకే రోజు రెండూ చేయాల్సి వస్తే బరువులు ముందు, నడక తర్వాత. గంట నడిచి అలసిన కాళ్లతో గుంజీలు తీస్తే మోకాలు లోపలికి తిరుగుతుంది, నడుం వంపు తిరుగుతుంది. వార్మప్ కోసం ఐదు నిమిషాల నడక చాలు.

అరవై ఐదు దాటినవాళ్లు మూడు రోజులు చేస్తే ఇంకా మంచిది. వాళ్లు ప్రతిసారీ చివర్లో గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద పది సెకన్ల చొప్పున అటూ ఇటూ మూడుసార్లు నిలబడాలి. పడిపోకుండా కాపాడే పని బలంతో పాటు ఈ నిలకడ కూడా చేస్తుంది.

ఏం కావాలి

ఇంట్లో చేసేవాళ్లకి ఒక జత డంబెల్స్ చాలు, ప్లేట్లు మార్చుకునేవైతే మేలు. లేకపోతే లీటరు నీళ్ల సీసా కిలో, ఇరవై లీటర్ల క్యాను ఇరవై కిలోలు, కాలేజీ బ్యాగులో పెట్టిన పది కిలోల బియ్యం సంచి పది కిలోలు. క్యానుని సగం నింపి వాడొద్దు. లోపల నీళ్లు అటూ ఇటూ ఊగి చేతిని లాగేస్తాయి.

నాపరాళ్ల మీద, టైల్స్ మీద చెమట పడితే కాలు జారుతుంది, కింద గోనెపట్టానో రబ్బరు మ్యాటో వేయండి. చెప్పులతో చేయొద్దు. మెత్తటి అడుగున్న రన్నింగ్ బూట్లు కూడా బరువులకి పనికిరావు, మడమ ఊగుతుంది. ఒట్టి కాళ్లు గానీ, అడుగు చదునుగా ఉన్న కాన్వాసు బూట్లు గానీ నయం. చీరలో గుంజీలు వద్దు, కుచ్చిళ్లు కాలి కింద పడతాయి. పంజాబీ డ్రెస్సు వేసుకోండి.

జిమ్‌కి వెళ్తే మొదటి రోజే రాడ్డు బరువెంతో కనుక్కోండి. పోటీల్లో వాడే పొడుగు రాడ్డు మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15. వీధి జిమ్‌లలో ఉండే సన్న రాడ్డు అందులో సగం ఉండొచ్చు, అంతకన్నా తక్కువా ఉండొచ్చు. ఈ తేడా తెలియక ఒక జిమ్‌లో చేసిన లెక్క ఇంకో జిమ్‌లో చేయబోయి నడుం పట్టించుకునేవాళ్లున్నారు. ప్లేట్లు ఎక్కించాక రెండు వైపులా క్లిప్పు పెట్టందే రాడ్డు ఎత్తొద్దు.

ఆరు కదలికలు, ఇదే వరసలో

చేతికీ, ఛాతీకీ, భుజానికీ ఒక్కో రోజు కేటాయించే పద్ధతి వారంలో ఐదారు రోజులు జిమ్‌కి వెళ్లేవాళ్లది. రెండు రోజులు వెళ్లేవాళ్లు ఆ రెండు రోజులూ ఒళ్లంతటికీ పని చెప్పాలి. అందుకు ఆరు కదలికలు చాలు: కూర్చుని లేవడం, తోయడం, తుంటి దగ్గర వంగి లేవడం, లాగడం, మోయడం, ఒళ్లు బిగించి నిలవడం.

మొదటిది గుంజీలు, అంటే స్క్వాట్. వెనక కుర్చీ పెట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కొంచెం బయటికి. డంబెల్‌ని నిలువుగా పట్టి, పై తలని రెండు అరచేతుల్లో చెంబు పట్టుకున్నట్టు ఛాతీకి ఆనించండి. మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి దిగండి, పిర్రలు కుర్చీకి తగలగానే, బరువు దానిమీద వేయకుండా, ఊపిరి వదులుతూ లేవండి. మోకాళ్లు కాలి రెండో వేలు ఉన్న దిక్కుకే వెళ్లాలి, ఒకదానివైపు ఒకటి రాకూడదు. మడమలు లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయిందని అర్థం. మడమల కింద వేలు మందం చెక్క గానీ రెండు చిన్న ప్లేట్లు గానీ పెట్టి చేస్తూ, రోజూ పిక్కలు సాగదీయండి. మోకాలు నొప్పి పుడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నొప్పి రాని ఎత్తు నుంచి మొదలుపెట్టి, రెండు వారాలకోసారి కొద్దిగా దించుకుంటూ రావాలి. మోకాళ్ల నొప్పి ఉందని గుంజీలు పూర్తిగా మానేస్తే తొడ ఇంకా సన్నబడి నొప్పి ఇంకా పెరుగుతుంది.

రెండోది తోయడం. మంగళవారం దండీలు, అంటే పుషప్స్, శుక్రవారం డంబెల్స్‌ని భుజాల నుంచి తలపైకి ఎత్తడం. నేల మీద దండీ రానివాళ్లు గోడకి చేతులు ఆనించి చేయాలి. పదిహేను తేలిగ్గా వచ్చాక వంటగట్టు మీద, ఆ తర్వాత మంచం పట్టె మీద, చివరికి నేల మీద. ఎక్కడైనా తల నుంచి మడమ దాకా ఒంటిని పలకలా ఉంచాలి, మోచేతులు ఒంటికి ఏటవాలుగా వెనక్కి వెళ్లాలి. రెక్కల్లా పక్కకి చాపితే భుజం ముందు భాగం నలిగి నొప్పి పుడుతుంది.

మూడోది అందరూ తప్పు చేసేది, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. దీన్ని జిమ్‌లో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ అంటారు. మన భాషలో వంగడాన్ని నడుం వంచడం అంటాం. ఈ కసరత్తులో వంగకూడనిది ఆ నడుమే. మడవాల్సింది తుంటి కీలు. అది పట్టుబడాలంటే మొదటి వారం బరువు ముట్టుకోకండి. గోడ వైపు వీపు పెట్టి, జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లు కొంచెం సడలించి, పిర్రల్ని వెనక్కి పంపి గోడకి తాకించండి, మళ్లీ నిటారుగా లేవండి. ఛాతీ దానంతట అదే ముందుకి వంగుతుంది, వీపు మాత్రం తిన్నగానే ఉంటుంది. తేలిగ్గా తాకుతుంటే ఇంకో నాలుగు వేళ్లు ముందుకి జరగండి. తొడ వెనక కండ లాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. నడుంలో లాగితే వీపు గుండ్రంగా తిరిగిందన్నమాట. ఇది కుదిరాక డంబెల్స్ గానీ రాడ్డు గానీ పట్టండి. బరువు తొడల్ని రాసుకుంటూ దిగి మోకాలి చిప్ప కింద ఆగాలి. ఒంటికి బెత్తెడు దూరం జరిగినా ఆ భారం నడుం మీద పడుతుంది. రేపు నీళ్ల క్యాను ఎత్తేటప్పుడూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

నాలుగోది లాగడం. ఎడమ చెయ్యి, ఎడమ మోకాలు బల్ల మీద ఆనించి, కుడి చేత్తో డంబెల్‌ని జేబు దిక్కుకి లాగండి. భుజం చెవి వైపుకి లేవకూడదు. జిమ్‌లో అయితే లాట్ పుల్‌డౌన్, అంటే కూర్చుని పైనున్న కడ్డీని కిందికి లాగే యంత్రం, కూడా ఇదే జాతి. కడ్డీని ఛాతీ మీదికి లాగండి, మెడ వెనక్కి కాదు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు, కౌంటరు ముందు, బండి మీద కూర్చునే ఒంటికి తోయడం కన్నా లాగడమే ఎక్కువ కావాలి. సమయం లేక ఒకటి వదిలేయాల్సి వస్తే దండీలు వదలండి, దీన్ని వదలొద్దు.

ఐదోది మోత. రెండు చేతుల్లో సమాన బరువు పట్టుకుని, వరండాలో గానీ మేడ మీద గానీ నిటారుగా 20 నుంచి 30 మీటర్లు నడవడం. చూడటానికి ఏముందిలే అనిపిస్తుంది. పిడికిలి, భుజాలు, నడుం, పిక్కలు ఒకేసారి పనిచేస్తాయి. కూరగాయల సంచులు మోసే మనిషికి ఇంతకన్నా అక్కరకొచ్చే కసరత్తు లేదు. ఆరోది ప్లాంక్, అంటే బోర్లా ఉండి మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని పలకలా నిలపడం, 20 సెకన్లతో మొదలుపెట్టి 45 దాకా. నడుం కిందికి జారిన క్షణాన ఆపేయండి, ఆ తర్వాత లెక్కపెట్టే సెకన్లు వృథా.

ఎంత బరువు, ఎన్నిసార్లు

ఆపకుండా వరసగా చేసేదాన్ని ఒక సెట్టు అంటారు. మొదటి వారం ఒక్కో కదలిక ఒక సెట్టు, రెండో వారం రెండు, మూడో వారం నుంచి మూడు. సెట్టుకి 8 నుంచి 12 సార్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు నిమిషాల విరామం. ఆ విరామంలో ఫోను తీస్తే రెండు నిమిషాలు ఏడవుతాయి, ఒళ్లు చల్లబడిపోతుంది.

ఎప్పుడూ ఎత్తనివాళ్లు గుంజీలు మొదటి వారం ఒట్టి చేతులతో చేసి, తర్వాత ఆడవాళ్లు 5 కిలోలు, మగవాళ్లు 8 నుంచి 10 కిలోలు పట్టొచ్చు. తుంటి కసరత్తుకి ఆడవాళ్లకి చేతికి 5 కిలోలు, మగవాళ్లకి 20 కిలోల ఖాళీ రాడ్డు. తలపైకి ఎత్తడానికి ఆడవాళ్లకి చేతికి 2 కిలోలు, మగవాళ్లకి 5. ఇవి తలుపు తెరిచే అంకెలు మాత్రమే. సరైన బరువు ఏదంటే, సెట్టు ముగిశాక ఇంకో రెండుసార్లు చేయగలను గానీ నాలుగు చేయలేను అనిపించేది. ఇంకో పది చేయగలిగితే అది వ్యాయామం కాదు, వార్మప్. ఒక్కటి కూడా చేయలేని స్థితికి రోజూ తెచ్చుకుంటే ఆకారం చెడి దెబ్బ తగులుతుంది.

మూడు సెట్లలోనూ 12 వచ్చాకే బరువు పెంచి, మళ్లీ 8కి దిగండి. రాడ్డు మీద అయితే అటు 1.25, ఇటు 1.25, మొత్తం రెండున్నర కిలోలు. డంబెల్స్‌తో ఒక చిక్కుంది. జిమ్‌లలో అవి 5 తర్వాత 7.5 ఉంటాయి. పేరుకి రెండున్నర కిలోలే గానీ, లెక్కకి అది యాభై శాతం పెంపు. భుజం కసరత్తుల్లో చాలామందికి భుజం పట్టేసేది ఇక్కడే. అందుకని 5 కిలోలతో 15 సార్లు వచ్చేదాకా ఆగి, తర్వాత 7.5తో ఆరుసార్లతో మొదలుపెట్టండి. పక్కనున్న కుర్రాడు ఎంత ఎత్తుతున్నాడో చూడొద్దు. మీ నోటుబుక్కు చూసుకోండి: తేదీ, కదలిక, బరువు, ఎన్నిసార్లు. ఒక్క పేజీ నెలకి సరిపోతుంది.

ఊపిరి సంగతి మర్చిపోవద్దు. దించేటప్పుడు పీల్చడం, ఎత్తేటప్పుడు వదలడం. బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఎత్తేటప్పుడు బయటికి వినపడేలా అంకె లెక్కపెట్టండి, ఊపిరి దానంతట అదే వెళ్తుంది.

నొప్పుల్లో ఏది మామూలు, ఏది కాదు

మొదటిసారి చేసిన మర్నాడు నొప్పి ఉంటుంది, ఎల్లుండి ఇంకా ఎక్కువ ఉంటుంది. తొడలు మెట్లు దిగనివ్వవు. ఇది రెండు కాళ్లలోనూ సమానంగా, కండ మధ్యలో, మందంగా ఉంటే కంగారొద్దు, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆ రోజుల్లో పడుకోకుండా తేలిగ్గా నడవండి. ఒకే వైపు, కీలు దగ్గర, సూదిలా పొడిస్తే ఆ కదలిక ఆపండి. నడుం నుంచి కాలి కిందికి పాకే నొప్పి, తిమ్మిరి ఉన్నా, ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి వారంలోనే ఉత్సాహం కొద్దీ వందల గుంజీలు తీసి, ఒళ్లు వాచి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే అది కండ చితికి కిడ్నీల మీద పడుతున్న గుర్తు. ఒక్క పూట కూడా ఆగొద్దు.

ఎండాకాలం, తిండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మేడ మీద రేకుల కింద ఉన్న జిమ్‌కి సాయంత్రం ఐదింటికి వెళ్లడం ప్రమాదం. పొద్దున్న ఏడు లోపల ముగించండి, లేదా రాత్రి ఎనిమిది తర్వాత. మూడు సెట్లని రెండుకి తగ్గించండి, బరువు మాత్రం తగ్గించొద్దు. బలం నిలబడడానికి అది సరిపోతుంది. చెమట అరచేతుల్లో చేరి రాడ్డు జారుతుంది, పొడి తువ్వాలు దగ్గర పెట్టుకోండి. ముగిశాక ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ అరలీటరు తాగండి. బీపీకి ఉప్పు తగ్గించమని చెప్పించుకున్నవాళ్లు చిటికెడుతో ఆపాలి.

తిండిలో లోటు దాదాపు అందరికీ ఒక్కచోటే ఉంటుంది, ప్రొటీన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. బరువులెత్తేవాళ్లు 1.2 దాకా చూసుకుంటే మేలు, అంటే 60 కిలోల మనిషికి 72 గ్రాములు. అరవై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 14 గ్రాములు, రెండు గుడ్లలో 12, గ్లాసు పాలల్లో 8, గుప్పెడు వేరుశనగపప్పులో 7, కప్పు పప్పులో 6, కప్పు పెరుగులో 6 వస్తాయి. ఇప్పటికే యాభై మూడు. మిగతాది అన్నం, సాంబారు, శనగలు, చికెనో చేపో తినేవాళ్లకి అవి పూడుస్తాయి. డబ్బా పౌడరు మొదటి నెల కొనాల్సిన వస్తువు కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టరుని అడగాలి.

ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా కండలొస్తాయన్న భయం ఇంకా ఉంది. కండని అలా ఉబ్బించే టెస్టోస్టెరాన్ ఆడవాళ్లలో చాలా తక్కువ, వారానికి రెండు రోజులతో ఆ రూపం రాదు. వచ్చేది ఎముకకి గట్టితనం. ముట్లుడిగాక ఎముక వేగంగా పలచబడుతుంది కాబట్టి, ఇంట్లో ఈ పని ముందుగా మొదలుపెట్టాల్సింది నలభై దాటిన అమ్మలు, అత్తలు.

మధ్యలో ఆగిపోతే

ఆగుతుంది. దసరా తొమ్మిది రోజులు వస్తాయి, పెళ్లిళ్లు వస్తాయి, జ్వరాలు వస్తాయి. ఒక వారం పోతే వదిలిన బరువుతోనే, ఒక సెట్టు తగ్గించి మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు పోతే బరువులో నాలుగో వంతు తీసేయండి. నెల దాటితే సగం బరువు, ఒక్క సెట్టు, అంటే మొదటి వారమే మళ్లీ. పోయిన బలం మొదటిసారి కన్నా తొందరగా తిరిగొస్తుంది. జ్వరం వచ్చిపోతే ముందు మూడు నాలుగు రోజులు నడిచి చూడండి, ఆయాసం లేకపోతేనే డంబెల్ పట్టండి. డెంగీ అయితే డాక్టరు సరేననేదాకా బరువులు వద్దు. చికున్‌గున్యా కీళ్ల నొప్పులు ఉన్నన్నాళ్లు గోడ దండీలు, ఎత్తు కుర్చీ గుంజీలు నొప్పి పుట్టని మేరకు చేయండి, బరువు పట్టొద్దు. నోటుబుక్కులో ఆ ఖాళీ తేదీలు కూడా రాసి పెట్టండి, తిరిగి మొదలుపెట్టే రోజున ఎంత తగ్గించాలో అవే చెబుతాయి.